తరగతి, జమాత్, ఒక బొమ్మల పుస్తకం

1996 వానాకాలం. నాంపల్లిలోని ఒక సర్కారు ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి పిల్లలకు తలా ఒక తెల్లకాగితం ఇచ్చి 'మా ఇల్లు' బొమ్మ గీయమన్నాను. అరగంటయ్యాక కాగితాలు పోగుచేసి చూస్తే దాదాపు అందరూ ఒకటే ఇల్లు గీశారు. త్రికోణం కప్పు, మధ్యలో తలుపు, అటూ ఇటూ రెండు కిటికీలు, పక్కన కొబ్బరిచెట్టు, వెనక రెండు కొండలు, వాటి సందులోంచి పొడుచుకొస్తున్న సూర్యుడు, వాకిలి ముందు వంకర్లు తిరుగుతూ ఒక ఏరు.

ఆ పిల్లలు ఉండేది అలాంటి ఇళ్ళలో కాదు. కొందరు రైల్వేస్టేషన్ వెనక రేకుల గదుల్లో ఉండేవాళ్ళు. కొందరు యూసుఫైన్ దర్గా దగ్గరి పాత ఇళ్ళలో, ఒక్క వాకిట్లో అయిదారు కుటుంబాలు సర్దుకునే చోట. పాలమూరు నుంచి కూలికొచ్చిన వాళ్ళ పిల్లలైతే కడుతున్న భవనాల్లోనే, సిమెంటు బస్తాల పక్కన పడుకునేవాళ్ళు. ఒక పిల్లని దగ్గరికి పిలిచి "ఇది మీ ఇల్లేనా?" అని అడిగాను. "కాదు టీచర్. ఇల్లంటే ఇట్లనే ఉంటది గద" అంది, నాకు తెలియనందుకు కాస్త ఆశ్చర్యపోతూ.

ఆ మాట నన్ను చాలా ఏళ్ళు వదల్లేదు. తను ఉండేది ఇల్లు కాదని ఎనిమిదేళ్ళ పిల్లకు ఎవరు చెప్పారు? నోటితో ఎవరూ చెప్పి ఉండరు. వాచకాల్లో, గోడల మీది చార్టుల్లో, మేం చేతికిచ్చిన బొమ్మల పుస్తకాల్లో చూసి నేర్చుకుంది. అమ్మ వంటింట్లో, నాన్న పేపరు పట్టుకుని పడక్కుర్చీలో ఉన్న బొమ్మల్ని స్త్రీవాదులుగా మనం ఎప్పట్నుంచో తప్పుపడుతున్నాం. నేనూ తప్పుపట్టాను. కానీ ఆ వంటిల్లు ఎవరిది, ఆ పడక్కుర్చీ ఎవరింట్లో ఉంటుంది అని మాత్రం ఆ రోజుదాకా నాకు తోచలేదు. ఎందుకంటే అవి మా ఇంట్లో ఉండేవి.

మా ఆవరణలోనే ఉర్దూ మీడియం సెక్షన్ కూడా ఉండేది. అక్కడి పిల్లల్ని ఏం చదువుతున్నావంటే 'తీస్రీ జమాత్' అనేవాళ్ళు. జమాత్ అంటే తరగతి. జమాత్ అంటే కూడిక కూడా. మసీదులో పదిమంది కలిసి నిలబడి చేసే నమాజుకూ అదే మాట. మన 'తరగతి' అలాంటిది కాదు. అందులో ఉన్నది మెట్టు, అంతస్తు. మధ్యతరగతి అన్నా, దిగువ తరగతి అన్నా, రైల్లో రెండో తరగతి అన్నా అదే మాట. మాటను బట్టి మనుషులు మారిపోతారని కాదు. ఉర్దూ గదిలోనూ ముందు వరసా వెనక వరసా ఉన్నాయి, బెత్తమూ ఉంది. అయినా ఆ రెండు మాటలూ పక్కపక్కనే వినబడుతుంటే నాకొక ప్రశ్న మిగిలింది. ఒక తరగతి జమాత్ కావాలంటే ఏం కావాలి? ఒక గదిలో, ఒక బల్ల మీద, ఒకే వాచకం ముందు కూర్చున్నంత మాత్రాన పిల్లలు కూడినట్టేనా?

ఈ ప్రశ్నకు నాంపల్లి, ఆబిడ్స్ ప్రాంతంలో ఒక చరిత్ర ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ దుకాణం పేరు మీద ఏర్పడిన ఆ కూడలి నుంచి కొద్దిదూరం నడిస్తే చాలు, ఆడపిల్లల చదువు చరిత్ర అంతా బళ్ళ రూపంలో ఎదురవుతుంది. స్టాన్లీ బాలికల పాఠశాల 1895లో మిషనరీలు పెట్టింది. రోజరీ కాన్వెంట్ 1904 నాటిది. గన్‌ఫౌండ్రీలోని మహబూబియా బాలికల పాఠశాల 1907లో మొదలైంది, పెద్దింటి ఆడపిల్లలు పరదా చెడకుండా చదువుకోవడానికి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో తెరుచుకుంది. తెలుగులో చదువుకునే ఆడపిల్లలకు నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు 1928లో ఆంధ్ర బాలికోన్నత పాఠశాల పెడితే, దానికి ఇక్కడ గుర్తింపు దొరక్క పిల్లలు పూనాలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలు రాయాల్సి వచ్చింది.

ఇవన్నీ గొప్ప ప్రయత్నాలే. వాటివల్ల మన ముందుతరాలు గడప దాటాయి. కానీ ఒక్కొక్క బడీ ఒక్కొక్క భాషకు, ఒక్కొక్క మతానికి, ఒక్కొక్క అంతస్తుకు పుట్టింది. ఒక మైలు దూరంలో ఇన్ని బళ్ళుండి, ఒక బడి పిల్ల ఇంకో బడి పిల్ల ఇంటి గుమ్మం చూడకుండానే పెళ్ళీడుకొచ్చేది. ఇక ఏ బడికీ రాని పిల్లలు ఆ ఇళ్ళలోనే అంట్లు తోముతుండేవాళ్ళు. అంటే కలిసి చదవడం మనకు వారసత్వంగా వచ్చింది కాదు. సర్కారు బళ్ళలోకి అందరూ రావడం మొదలైన తర్వాత, అదీ డబ్బున్నవాళ్ళు అక్కణ్నుంచి వెళ్ళిపోతున్న కాలంలో, మేము మొదటిసారి నేర్చుకోవాల్సి వచ్చిన విద్య అది.

నేర్పిన వాళ్ళు లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం కింద, బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో, 1990ల మొదట్లో రాష్ట్రమంతటా టీచర్లకు శిక్షణ ఇచ్చారు. పిల్లలు చేసి నేర్చుకోవాలి, విడిగానూ జట్లుగానూ తరగతంతా కలిసీ పనిచెయ్యాలి, పరిసరాల్నే పాఠం చెయ్యాలి, పిల్లలు గీసినవీ రాసినవీ గోడల మీద పెట్టాలి. ఇలాంటివి ఆరు సూత్రాలు. అవి నాకు ఇప్పటికీ నచ్చుతాయి. నా నలభై ఇళ్ళ బొమ్మలూ ఆ శిక్షణ చలవే. అంతకుముందు 1986 జాతీయ విద్యావిధానం తర్వాత ఆపరేషన్ బ్లాక్‌బోర్డు వచ్చింది. గదులు, రెండో టీచరు, వీలైతే ఆవిడ స్త్రీ కావాలన్న నియమం, వాటితో పాటు బోధన సామగ్రి, పిల్లల పుస్తకాలు. మా బడిలో ఆ పుస్తకాలు ఒక ఇనప ట్రంకు పెట్టెలో ఉండేవి. పెట్టెకు తాళం. పుస్తకాలు చిరిగితే స్టాకు రిజిస్టరులో లెక్క చెప్పాలి కాబట్టి తాళం తీసేవాళ్ళం కాదు. ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రం బయటపెట్టి, దుమ్ము దులిపి, మళ్ళీ లోపల పెట్టేవాళ్ళం. నేను కూడా.

అందుకని నా తరగతికి మొదటి బొమ్మల పుస్తకం ఆబిడ్స్ ఫుట్‌పాత్ నుంచి వచ్చింది. ఆదివారం దుకాణాల షట్టర్లు దించి ఉన్నప్పుడు, వాటి ముందు గోనెపట్టాలు పరిచి పాత పుస్తకాలు పోస్తారు. మెడికల్ ఎంట్రెన్స్ గైడ్ల పక్కన మిల్స్ అండ్ బూన్, దాని కింద ఉర్దూ షాయరీ, ఇంకా కిందికి తవ్వితే చందమామలు. 1990లలో ఆ కుప్పల్లో సోవియట్ బొమ్మల పుస్తకాలు బాగా దొరికేవి. మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయం, 1982 తర్వాత రాదుగ, పిల్లల పుస్తకాల్ని తెలుగులోనూ అచ్చువేసి పంపేవి. ఉప్పల లక్ష్మణరావు, రాళ్ళబండి వెంకటేశ్వరరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటివాళ్ళు అక్కడ కూర్చుని తెలుగు చేసేవాళ్ళు. విశాలాంధ్ర దుకాణంలో అవి చాలా చవగ్గా దొరికేవి. 1991లో సోవియట్ యూనియన్ పోయింది, పుస్తకాలు రావడం ఆగిపోయింది. ఇళ్ళలో పిల్లలు పెద్దవాళ్ళై, పాత కాగితాలవాడి తక్కెడెక్కి, అవి ఫుట్‌పాత్‌కు చేరాయి.

నేను కొన్నదానికి అట్ట లేదు, పేరూ లేదు. మంచు ఊరు, ఒక అవ్వ, ఒక మేక. నలభై మందికీ ఒక్కటే పుస్తకం. బల్లలు గోడకు జరిపి, పిల్లల్ని నేల మీద గుండ్రంగా కూచోబెట్టి, మధ్యలో పుస్తకం పెట్టాను. వేరే దారి లేక అలా చేశాను. కానీ నలభై వాచకాలున్నప్పుడు ఎవరి పేజీలో వాళ్ళు మునిగిపోయే పిల్లలు, ఒకటే పుస్తకం ఉండేసరికి భుజాల మీంచి భుజాల మీదికి వంగి చూశారు. ఎవరు ఎవరికి తగిలారో ఎవరూ పట్టించుకోలేదు. తెల్లగా ఉన్నది ఉప్పా, దూదా, చక్కెరా అని పెద్ద వాదన జరిగింది. మంచు ఎవరూ చూళ్ళేదు. బాగా చదివే పిల్లకూ తెలీదు, వెనక బెంచీ పిల్లవాడికీ తెలీదు, నాకూ తెలీదు. తెలియకపోవడంలో అందరం ఒకటయ్యాం. నాంపల్లి దర్గా దగ్గరినుంచి వచ్చే పిల్ల ఒకతి ఆ రష్యా అవ్వ తలగుడ్డ మీద వేలు పెట్టి "మా దాదీ గూడ గిట్లనే కట్టుకుంటది" అంది. ఆ పిల్ల అప్పటిదాకా తరగతిలో తనంతట తాను నోరు తెరవలేదు.

ఆ ఏడాదంతా ఆ పుస్తకంతో బతికాం. కానీ కొన్నాళ్ళకు దాని హద్దు కూడా తెలిసింది. దూరదేశపు బొమ్మ అందరికీ సమానంగా పరాయిది కాబట్టి అందర్నీ కలిపింది. ఎవరి ఇంటి గురించీ అడగదు కాబట్టి ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. ఇంటి సంగతి వచ్చేసరికి పిల్లలు మళ్ళీ ఆ త్రికోణం కప్పు కిందికే వెళ్ళిపోయేవాళ్ళు.

చివరికి ట్రంకు పెట్టె తాళం తీశాను. అందులో ఉన్నవి ఎక్కువగా శంకర్ 1957లో స్థాపించిన చిల్డ్రన్స్ బుక్ ట్రస్టువీ, అదే ఏడు ప్రభుత్వం ఏర్పరచిన నేషనల్ బుక్ ట్రస్టువీ. చక్కటి కాగితం, చక్కటి బొమ్మలు. నెహ్రూ బాల పుస్తకాలయం పేరుతో ఒకే పుస్తకాన్ని దేశంలోని అన్ని భాషల పిల్లలకూ అందించాలన్నది నేషనల్ బుక్ ట్రస్టు ఆశ. కశ్మీరు పిల్లా కేరళ పిల్లా ఒకే కథ చదివితే దేశం ఒకటవుతుందని ఆ తరం నమ్మింది. ఆ నమ్మకాన్ని నేను ఎగతాళి చెయ్యను. కానీ పధ్నాలుగు భాషల్లోకి వెళ్ళాల్సిన బొమ్మలో ఏ ఇల్లు గీస్తారు? ఎవరి ఇంటి గుర్తులూ లేని ఇల్లు గీస్తారు. ఆ ఇంట్లో అమ్మ చీర ఎవరి కట్టూ కాదు, పొయ్యి మీద ఉన్నది ఏమిటో తెలీదు, గోడ మీద ఏ దేవుడి పటం ఉందో కనపడదు. అలా ఎవరిదీ కాకుండా గీసిన ఇల్లు చూస్తే మాత్రం కొందరిదే అని తెలిసిపోతుంది. నా తరగతి పిల్లలకు అది తెలిసింది. చదువుకున్నాక తాము వెళ్ళాల్సిన ఇల్లు అదేననీ, ఈలోగా తమ ఇంటి మాట ఎత్తకూడదనీ అనుకున్నారు.

ఇది మన ఒక్కరి కథే కాదు. 1965లో అమెరికాలో నాన్సీ లారిక్ 'పిల్లల పుస్తకాల తెల్ల ప్రపంచం' గురించి ఒక వ్యాసం రాసింది. అంతకుముందు మూడేళ్ళలో వచ్చిన 5,206 పిల్లల పుస్తకాలు లెక్కపెడితే, కథలోనో బొమ్మలోనో ఒక్క నల్లవాళ్ళయినా ఉన్నవి 6.7 శాతమే. ఆ లెక్కకు మొదలు అయిదేళ్ళ నల్లపిల్ల అడిగిన ప్రశ్న: వీళ్ళెప్పుడూ తెల్లపిల్లలే ఎందుకుంటారని. 1990లో రుడీన్ సిమ్స్ బిషప్ అనే నల్లజాతి విద్యావేత్త, పుస్తకాలు పిల్లలకు అద్దాలూ కావాలి, కిటికీలూ కావాలి, తోసుకుని అవతలికి వెళ్ళే తలుపులూ కావాలి అంది. షికాగోలో చిన్నపిల్లల టీచరు వివియన్ పేలీ ఏడాది పొడుగునా లియో లియోని బొమ్మల పుస్తకాల్నే పిల్లలతో చదివి, ఆ అనుభవాన్ని 1997లో 'ది గర్ల్ విత్ ద బ్రౌన్ క్రేయాన్' పేరుతో పుస్తకం చేసింది. ఆ ఏడాదికి దారి చూపింది టీచరు కాదు, రీనీ అనే ఒక నల్లపిల్ల. ఒక ఎలుక కథ పట్టుకుని ఆ పిల్ల వేసిన ప్రశ్నల చుట్టూ మిగతా తరగతి కూడింది. నేను ఆ పుస్తకం చదివింది చాలా ఆలస్యంగా. చదివినప్పుడు నాకు మా దర్గా పిల్ల వేలు గుర్తొచ్చింది.

2008లో మన దగ్గరే ఆ పని జరిగింది. 1985లో మొదలైన అన్వేషి స్త్రీల పరిశోధన కేంద్రం, దీపా శ్రీనివాస్ సంపాదకత్వంలో 'డిఫరెంట్ టేల్స్' అనే పిల్లల బొమ్మల పుస్తకాల వరస తెచ్చింది. కొట్టాయంలోని డి.సి. బుక్స్ వాటిని ఇంగ్లీషు, తెలుగు, మలయాళ భాషల్లో ప్రచురించింది. రాసినవాళ్ళు మనకు తెలిసినవాళ్ళే. 'నల్లపొద్దు'తో దళిత స్త్రీల సాహిత్యాన్ని మన ముందు పెట్టిన గోగు శ్యామల, జూపాక సుభద్ర, దర్గామిట్ట కథల మహమ్మద్ ఖదీర్ బాబు, గోపిని కరుణాకర్, మలయాళం వైపు నుంచి జయశ్రీ కళత్తిల్ మొదలైనవాళ్ళు. ఆ కథల్లో పిల్లలు పనిచేస్తారు, ఆకలి తెలిసినవాళ్ళు, బడిలో అవమానం తెలిసినవాళ్ళు. కానీ జాలిపడాల్సిన పిల్లలు కారు. గోగు శ్యామల కథలో చేనికి వెళ్ళిన బాలమణి తన మీద చెయ్యి వెయ్యబోయిన దొరను ఎదిరిస్తుంది. పురాణంలో చచ్చిపోయిన తాటకి ఇక్కడ గెలుస్తుంది. బాల్యమంటే పూలూ సీతాకోకచిలుకలే అనుకునే మన మధ్యతరగతి ఊహను, దేశంలో ఎక్కువమంది పిల్లల అనుభవం ముందు నిలబెట్టి ప్రశ్నించడమే ఈ పుస్తకాల పని అని దీపా శ్రీనివాస్ తర్వాత 2011లో రాసిన వ్యాసంలో వివరంగా చర్చించింది.

వాటిలో తలకాయ కూర మీద ఖదీర్ బాబు రాసిన కథ నేను తరగతిలో చదివాను. ముస్లిం ఇంట్లో తలకాయ కూర వండుకునే రోజు సంబరం అది. పాత అలవాటు ప్రకారం బల్లలు జరిపి, గుండ్రంగా కూచుని, మొదటిరోజు మాటలు చదవకుండా బొమ్మలు మాత్రం చూశాం. రెండో పేజీకే గది మారిపోయింది. "మా అమ్మ గిట్ల కాదు, ముందు నిప్పుల మీద కాలుస్తది." "మా నాయిన నాలుక నాకే ఇస్తడు." "మా ఇంట్ల ఆదివారం." "మా ఇంట్ల పండక్కి." పాలమూరు పిల్లలు, దర్గా పిల్లలు, మాదిగ వాడ నుంచి వచ్చినవాళ్ళు, గొల్లల పిల్లలు ఒకరి మాట మీద ఒకరు పడిపోతూ చెప్పారు. వంటలో తేడాల మీద కొట్లాట. ఇన్నేళ్ళూ మధ్యాహ్న భోజనం దగ్గర తప్ప తిండి మాట ఎత్తని పిల్లలు వీళ్ళేనా అనిపించింది. అందరూ తినేదే, ఎవరూ బడిలో చెప్పనిది.

అప్పుడు ఒక పిల్ల అడిగింది, "టీచర్, మీరెట్ల వండుతరు?"

మా ఇంట్లో తినరు అన్నాను. "ఎందుకు తినరు?" అంది. ఆ గొంతులో ఆరోపణ ఏమీ లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఉన్న జవాబు మా కులం పేరు. ఇరవై ఏళ్ళుగా వాళ్ళందరి పేర్లూ కులాలూ రిజిస్టరులో నా చేత్తో రాశాను. నా కులం వాళ్ళ ముందు ఒక్కసారీ పలకాల్సిన అవసరం రాలేదు. పలక్కపోవడం ఆదర్శం అనుకున్నాను. ఆ రోజు పలికాను. "ఓహో" అని పిల్లలు పేజీ తిప్పమన్నారు. నాకు పర్వతమంత ఉన్నది వాళ్ళకు ఒక సమాచారం మాత్రమే.

ఇక్కడితో కథ బాగా ముగిసిందని రాస్తే అబద్ధమవుతుంది. రెండురోజుల్లో స్టాఫ్‌రూములో మాట వచ్చింది. సరస్వతి పటం ఉన్న గదిలో ఈ కథలేమిటని ఒకరు, తల్లిదండ్రులెవరో అడిగారని ఇంకొకరు. గట్టిగా ఎవరూ తిట్టలేదు. "మీలాంటి వాళ్ళు కూడా" అన్నారు, అంతే. ఆ రెండు మాటలకే నేను పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేశాను. ట్రంకు పెట్టె తాళాల గురించి అంత బాధపడినదాన్ని నేనే. మూడు వారాలు దాన్ని తియ్యలేదు. దర్గా పిల్లా కాదు, పాలమూరు పిల్లా కాదు, రోజూ ఇంటినుంచి డబ్బా తెచ్చుకుని విడిగా కూచుని తినే పిల్ల ఒకతి వచ్చి అడిగింది, "టీచర్, మన పుస్తకం ఏది?" అని. వాళ్ళింట్లో కూడా తినరు. అయినా అది 'మన' పుస్తకమైంది. జమాత్ అన్న మాటకు నేను వెతుకుతున్న అర్థం ఆ ఒక్క అక్షరం తేడాలో ఉందని నాకిప్పుడు అనిపిస్తుంది. ఆ రోజు మాత్రం సిగ్గుపడి తాళం తీశాను.

ఆ తర్వాత పిల్లలే ఒక పుస్తకం చేశారు. పాత చార్టుల వెనకవైపు బొమ్మలు వేసి, కుట్టి, 'మా నాంపల్లి' అని పేరు పెట్టారు. తలా ఒక పేజీ. నియమం ఒక్కటే. కళ్ళతో చూసిందే గీయాలి. నేనూ ఒక పేజీ గీయాలని వాళ్ళే చేర్చారు. ఒక పిల్ల తను ఉండే గదిని లోపలినుంచి గీసింది. కిరసనాయిలు స్టవ్వు, మడిచిపెట్టిన పక్కలు, తాడు మీద బట్టలు, కిటికీ నిండా రైలు. ఇంకొకరు నల్లా దగ్గర బిందెల వరస గీశారు. అందులో మగవాళ్ళెవరూ లేరేమని ఒక మగపిల్లవాడే అడిగాడు. ఆ ఒక్క ప్రశ్న మీద ఒక పూటంతా గడిచింది. పితృస్వామ్యం అన్న మాట వాడకుండా అంత చర్చ నేను ఏ సెమినార్లోనూ వినలేదు.

ఒక పిల్లవాడు మాత్రం మళ్ళీ అదే ఇల్లు గీసుకొచ్చాడు. పెంకుటిల్లు, కొబ్బరిచెట్టు, ఏరు, కొండలు. చూసింది గీయమంటే వాచకంలోది గీశావా అని తరగతంతా వాడి మీద పడింది. నేనూ అలాగే అనుకున్నాను. వాడి కుటుంబం తూర్పు గోదావరి నుంచి వచ్చి టిఫిన్ బండి పెట్టుకుంది. "మా అమ్మమ్మగారిల్లు నిజంగా ఇలాగే ఉంటుందండీ" అన్నాడు కళ్ళనీళ్ళతో. గదిలో నిశ్శబ్దం. పన్నెండేళ్ళుగా ఎవరిదీ కాదని నేను అసహ్యించుకున్న ఇల్లు ఆ పిల్లవాడిదట. ఒక మూసను తీసేసి ఇంకో మూస పెట్టబోయిన నన్ను పిల్లలే కాపాడారు. ఒక పిల్ల వాడి పక్కన కూచుని విచారణ మొదలుపెట్టింది. "చెట్టున్నదా?" ఉంది. "వాగున్నదా?" కాలవ ఉంది. "గుట్టలున్నయా?" కాసేపు ఆలోచించి లేవన్నాడు. రబ్బరు ఇచ్చారు. కొండలు తుడిచేశాడు. పేజీ పుస్తకంలో చేరింది.

బొమ్మల పుస్తకంతో కులం పోతుందని, మతం గోడలు కూలుతాయని నేను చెప్పబోవడం లేదు. డబ్బా తెచ్చుకునే పిల్లలు ఆ తర్వాతా డబ్బా తెచ్చుకున్నారు. కాస్త దగ్గరగా జరిగి కూచున్నారు, అంతే. పిల్లల్ని మాట్లాడించాలనుకునే టీచర్లకు నేను ఖాయంగా చెప్పగలిగినవి కొన్నే. పుస్తకం ఒక్కటే ఉండటం లోటు కాదు. కథ అయిపోగానే నీతి అడక్కూడదు. మొదటి మాట బొమ్మ చూసి పిల్లలే అనాలి. పిల్లల్ని వాళ్ళ ఇంటి గురించి ఏం అడుగుతామో అదే ప్రశ్నకు మనమూ జవాబు చెప్పాలి. ఈ ఆఖరిది అన్నిటికన్నా కష్టం. అది లేకపోతే అందరి ఇళ్ళలోకీ తొంగిచూసి మన తలుపు వేసుకున్నట్టే.

2017లో నేను రిటైరయ్యేనాటికి 'మా నాంపల్లి' బీరువాలోనే ఉంది. రెండేళ్ళ తర్వాత వెళ్ళి అడిగితే కొత్త టీచర్లు వెతికారు గానీ దొరకలేదు. పాత చార్టులతో కలిసి కాగితాలవాడికి వెళ్ళిపోయి ఉంటుంది. ఆబిడ్స్ వెళ్ళినప్పుడల్లా, ఆదివారమైతే, ఆ కుప్పల దగ్గర కాసేపు వంగి చూస్తాను. తుడిచినా కొండల గీతలు లీలగా కనిపించే పేజీ ఒకటుంటుంది అందులో. చూడగానే గుర్తుపడతాను.